ఇద్దరి గదిలో ఒక్కర్తే

రామతులసి ఓడెక్కుతోందన్న కబురు అంకులి అనే పేటలో ఆ వీధి మొత్తానికి ఒక్క పూటలో తెలిసిపోయింది. బరంపురం తెలుగువాళ్లకి ఓడలు కొత్తేమీ కావు. గోపాలపూర్ ఒడ్డున వేరుశనక్కాయలు తింటూ, దూరంగా నల్లచుక్కల్లా పోయే ఓడల్ని చిన్నప్పటినుంచీ చూస్తున్నవాళ్లే. అయితే చూడటం వేరు, ఎక్కడం వేరు. అందులోనూ ఏభై ఎనిమిదేళ్ల ఆడది, మొగుడు నిక్షేపంలా బతికుండగా, ఊరికే తిరిగి రావడానికి ఒక్కర్తే ఎక్కడమంటే వీధికి పదిహేను రోజులకి సరిపడా పని దొరికినట్టే. మొగుడూ పెళ్లాలకి పడటం లేదని కొందరు, ఆవిడకేదో పెద్ద జబ్బట, ఆఖరి కోరికట అని ఇంకొందరు, ఎవరి తీర్పు వాళ్లు చెప్పేశారు. మొగుడు సూర్యారావుని పాలబూత్ దగ్గర ఆపి, మీరెందుకు వెళ్లట్లేదని అడగని మనిషి లేడు.

ఆయన ఎందుకు వెళ్లలేదంటే, ఇంట్లో అత్తగారు ఉంది కనక.

అత్తగారి పేరు కూర్మమ్మ. ఎనభై నాలుగేళ్లు. పదకొండేళ్ల కిందట స్నానాలగదిలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ పడటం పడటం మళ్లీ లేవలేదు. చెవులు సగం పోయాయి, మాట ముప్పావు పోయింది. కొడుకు కాశీవిశ్వనాథం ఇరవై కిలోమీటర్ల దూరంలో ఛత్రపూర్‌లోనే ఉంటాడు. దసరాకోసారి, ఉగాదికోసారి బత్తాయిపళ్లు పట్టుకొచ్చి, తల్లి మంచం పక్కన కుర్చీ వేయించుకుని కూచుని, పెద్దావిడని బాగా చూసుకుంటున్నారని చెల్లెల్నీ బావనీ మెచ్చుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవాడు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా సూర్యారావుకి ఒళ్లు మండేది. కానీ రైల్వే పార్సిలాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి కనక, నోరు మూసుకుని ఊరుకోవడం ఆయనకి బాగా అలవాటు.

ఈ పదకొండేళ్లలో రామతులసి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. ఒకే పక్కన పడుకోబెడితే ఒంటికి పుళ్లు పడతాయని డాక్టరు చెప్పిన రోజునుంచీ, పగలనక రాత్రనక రెండు గంటలకోసారి తల్లిని పక్కకి తిప్పుతూనే ఉంది. పెళ్లిళ్లకి సూర్యారావు ఒక్కడే వెళ్లొచ్చేవాడు. పేరంటాలకి ఎవరూ వెళ్లేవారు కారు. భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు అంజలి ఇదంతా చూసీ చూసీ, ఒక ఆదివారం వచ్చి ఓడ టిక్కెట్టు తల్లి చేతిలో పెట్టింది. విశాఖపట్నంలో ఎక్కితే మూడు రాత్రులు సముద్రం మీద తిప్పి, మధ్యలో ఎక్కడా ఆగకుండా చెన్నైలో దింపుతారు. ఒంటి మనిషికి గది అమ్మరట. వెళ్లేది ఒక్కరైనా ఇద్దరి గది తీసుకోవలసిందే. సరే, ఇద్దరూ వెళ్లండి, అమ్మమ్మ దగ్గర నేనుంటానంది అంజలి. ఆ పిల్లకి కూర్మమ్మని తిప్పడం చేతకాదు, తిప్పబోయి ఒకసారి తనే మంచం మీద పడింది. ఆఖరికి సూర్యారావు, తులసి వెళ్తుంది, నేనుంటానని తేల్చేశాడు. జీవితంలో పెళ్లాం మీద ఆయన చేసిన జులుం అదొక్కటే.

రామతులసి పదిహేను రోజులపాటు మొగుడికి శిక్షణ ఇచ్చింది. ఎలా తిప్పాలి, తిప్పాక వీపు వెనక దిండు ఎలా ఆన్చాలి, జావ ఎంత పల్చగా ఉండాలి. ఇంత చేసి, తీరా స్టేషన్లో బండి వచ్చాక రెండుసార్లు పెట్టెలోంచి దిగిపోయింది. ఒకసారి జావలో ఉప్పు సంగతి చెప్పడానికి, ఇంకోసారి ఏమీ చెప్పడానికి కాదు, ఊరికే. సూర్యారావు ఆవిడ భుజం పట్టుకుని మళ్లీ ఎక్కించాడు.

"నేనున్నాను కదా. నా సేతిలో ఎట్టినట్టే మళ్లీ నీకు అప్పజెప్తాను. ఎల్లు," అన్నాడు.

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఆయన చాలా ఏడ్చాడు.

ఓడెక్కిన సాయంత్రం వీడియోలో కనిపించింది. మొహం నిండా గాలికి చెదిరిన జుట్టు, దాని వెనక నవ్వు. గది చూపించింది. రెండు మంచాలు. ఒకదాని మీద తను, రెండోదాని మీద తన సంచీ. తువ్వాలుని హంసలా మడిచి పెట్టారట, విప్పడానికి మనసొప్పక చీరకొంగుతోనే తుడుచుకుంటోందట. భోజనంలో నలభై రకాలుంటే వాటన్నిటి చుట్టూ రెండుసార్లు తిరిగి పెరుగన్నం పెట్టుకుందట. నన్నిక్కడ ఒక్కరికీ తెలీదండీ, పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు, అని అదేదో పెద్ద ఐశ్వర్యంలా చెప్పింది. ఓడలో నెట్ అరగంటల లెక్కన కొనుక్కోవాలని, రోజుకి రెండే కొన్నానని, పొద్దున్నొకటి మధ్యాహ్నమొకటి వాడతానని చెప్పి పెట్టేసింది. ఆవిడ అంతలా నవ్వడం సూర్యారావు చూసి ఎన్నాళ్లయిందో. ఆ రాత్రి కూర్మమ్మని తిప్పినప్పుడల్లా ఆ నవ్వే గుర్తొచ్చి, తనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాడు.

తెల్లవారి ఆరింటికి కాఫీ, చెంచా పట్టుకుని వెళ్లేసరికి కూర్మమ్మ లేదు.

ఒళ్లు చల్లబడిపోయింది. మొహంలో ఏ బాధా లేదు. నాలుగింటికి అలారం మోగితే లేచి తనే తిప్పాడు, దిండు ఆన్చాడు. దీపం వెయ్యలేదు, నిద్రకళ్లతో మొహంకేసి చూడలేదు. అప్పటికి మనిషి ఉందో లేదో ఆయనకి తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, మొదట చేసిన పని ఫోన్ తీసి తులసి పేరు నొక్కడం. రెండో పని, అది మోగకముందే ఆపెయ్యడం.

ఎందుకంటే వాళ్ల ఇళ్లల్లో చావు కబురు ఎవరికీ ఫోన్లో చెప్పరు. ఒంటరిగా ఉన్న మనిషికి అసలే చెప్పరు. ముందు ఒంట్లో బాగాలేదని చెప్తారు. ఆనక అయినవాళ్లెవరో వెళ్లి పక్కన కూచుని, మంచినీళ్లు తాగించి, చెయ్యి పట్టుకుని అప్పుడు చెప్తారు. సూర్యారావు తండ్రి పోయినప్పుడు పార్సిలాఫీసుకి ఫోనొస్తే, పెద్ద గుమాస్తా ఆయన్ని రిక్షాలో ఇంటి గుమ్మందాకా తీసుకొచ్చాడు తప్ప దారిలో పెదవి విప్పలేదు. అలాంటి మనుషులు. మరి నడిసముద్రంలో, ఒక్క మనిషికీ తన పేరు తెలీని చోట, తులసి పక్కన ఎవరు కూచుంటారు? చుట్టూ వేలమంది ఉన్నారు. అయినవాళ్లు ఒక్కరు లేరు.

తల్లికి బాగాలేదన్న కబురందుకుని తొమ్మిదింటికల్లా కాశీవిశ్వనాథం వచ్చాడు. గుమ్మంలోనే గట్టిగా ఒకసారి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, వెంటనే పనులు పురమాయించడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లలో మంచం పక్కన ఒక్క రాత్రీ ఉండనివాడికి మంచం ఖాళీ అయ్యేసరికి ఎక్కడలేని అధికారమూ వచ్చేసింది. అది ఆయన తప్పు కూడా కాదు, లోకం తీరు అలాంటిది. కొడుకు కొడుకే. అల్లుడు ఎంత ఎత్తిపోసినా ఆ పూట పక్కన నిలబడే మనిషే. ఇరుగుపొరుగు ఒడియా ఆడవాళ్లు పిన్నిని పిలిచినట్టు "మావుసీ, మావుసీ" అంటూ వచ్చి ఏడుస్తున్నారు. అంజలి భువనేశ్వర్ నుంచి కారులో వచ్చి, అమ్మమ్మ కాళ్ల దగ్గర కూలబడి, టిక్కెట్టు కొన్న తన చేతుల్ని తనే తిట్టుకుంటోంది.

సూర్యారావు బావని పక్కకి పిలిచి, ఐసుపెట్టె అద్దెకి తెప్పిస్తాను, తులసి వచ్చేదాకా ఉంచుదామని అడిగాడు. అడగడం కాదు, బతిమాలాడు. ఎల్లుండి పొద్దున్న చెన్నైలో దిగుతుంది, విమానంలో తీసుకొస్తే రాత్రికి ఇక్కడుంటుంది, రెండు రోజులే కదా అన్నాడు.

"రేపు అమాస బావా. పెద్దావిణ్ణి పెట్టెలో ఎట్టి అమాస దాటిస్తామేటి? పొద్దోలకముందు అయిపోవాల. పంతులుగారు అదే సెప్పినారు," అన్నాడు కాశీవిశ్వనాథం. ఆ తర్వాత గొంతు తగ్గించి, "సెల్లికి మాత్రం సెప్పకు. వింటేనే కదా మైల. ఇననోళ్లకి మైలేటి? సంద్రం మద్దిన అదెక్కడ తానం సేస్తాది, ఎక్కడ కూసుంటాది? దిగినాక నేనే ఎల్లి సెప్పుకుంటాను," అన్నాడు.

సూర్యారావుకి ఆ మాటలో ప్రేమ ఎంతుందో, సౌకర్యం ఎంతుందో తేలలేదు. కానీ కాదనలేదు. అంజలి కూడా, వద్దు నాన్నా, అమ్మ అక్కడ ఒక్కర్తే ఉంది, అంది. ఓడ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంది. వాళ్లు పాపం మర్యాదగానే మాట్లాడారట. కావాలంటే తమ మనిషిని గదికి పంపి కబురు చెప్పిస్తామన్నారట. తెల్లచొక్కా వేసుకున్న ముక్కూ మొహం తెలీని ఆసామి ఎవడో తలుపు తట్టి, హిందీలోనో ఇంగ్లీషులోనో మీ అమ్మ పోయిందని తులసికి చెప్పడం ఊహించుకున్నాడు సూర్యారావు. వద్దన్నాడు. చెప్పకూడదు, చెప్పకుండా ఉండకూడదు, ఉంచమంటే ఉంచరు. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్ని పార్సిళ్లు తారుమారైనా ఏదో ఒక దారి దొరికేది. ఇప్పుడు ఎటు చూసినా గోడే.

పదకొండింటికి ఫోన్ మోగింది. తులసి. వీడియో కాకుండా ఉత్త ఫోనే చేసినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఇంట్లో ఏడుస్తున్న ఆడవాళ్లంతా చెంగులు నోటికడ్డం పెట్టుకుని గప్‌చుప్ అయిపోయారు. ఆయన పెరట్లోకి పోయి నూతి పక్కన నిలబడ్డాడు.

తులసి చాలాసేపు సముద్రం గురించి చెప్పింది. ఒడ్డు లేని సముద్రం ఎలా ఉంటుందో గోపాలపూర్‌లో ఎన్నేళ్లు నిలబడినా తెలీదట. అమ్మేం చేస్తోందని అడిగింది. పడుకుందన్నాడు. తిన్నదా అని అడిగింది. అంత చిన్న ప్రశ్నకి ఆయన సిద్ధంగా లేడు. తిన్నదంటే ఏం తిన్నదంటుంది, ఎంత తిన్నదంటుంది. అబద్ధం పొడుగైపోతుందని భయపడి, లేదు, ఏమీ తినలేదన్నాడు. అదొక్కటే నిజం కదా అనుకున్నాడు. రామతులసి గొంతు మారింది.

"ఏవండీ, మీకొకటి సెప్పాల. రాత్రి ఏడు గంటలు పడుకున్నానండీ. మద్దిలో ఒక్కసారీ లేవలేదు. లేచినాక కూడా అమ్మ గుర్తురాలేదు. సముద్రం కాడ నిలబడి టీ తాగేసినాక గుర్తొచ్చింది. తప్పేటండీ?"

"తప్పేటీ లేదు తులసీ," అన్నాడు సూర్యారావు. "పడుకో. బాగా పడుకో."

ఫోన్ పెట్టేశాక నూతి గట్టు మీద తల ఆన్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడు ఈ మనిషికి ఏ రోజు చెప్పినా, ఎవరు చెప్పినా, ముందు ఆ ఏడు గంటల నిద్రే గుర్తొస్తుంది. బతికినన్నాళ్లూ మళ్లీ కంటినిండా నిద్రపోదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ ఏమీ చెయ్యలేడు.

మూడింటికి పాడె లేచింది. ఆడవాళ్లు వీధి మలుపు దగ్గర ఆగిపోయారు, అంజలిని ఇద్దరు పట్టుకున్నారు. కాశీవిశ్వనాథం తడిబట్టలతో, కుండతో ముందు నడిచాడు. పాడె మోస్తున్న నలుగురిలో సూర్యారావు ఒకడు. ఇలాంటి పనులన్నిటికీ వీధికి పెద్దదిక్కు పైడన్న. ఆయన పక్కన నడుస్తూ అడుగడుక్కీ ఏం చెయ్యాలో చెప్తున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. కూర్మమ్మ బరువే లేదు. ఇన్నాళ్లూ రెండు గంటలకోసారి తులసి ఒక్కర్తే తిప్పిన మనిషిని ఇప్పుడు నలుగురు మోస్తున్నారని సూర్యారావుకి అనిపించింది.

శ్మశానానికి కాస్త ఇవతల పైడన్న చెయ్యెత్తాడు. దింపుడు కళ్లం. అక్కడ పాడె కిందికి దించుతారు. పోయినవాళ్లకి అందరికంటే దగ్గరివాళ్లు చెవిలో నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఏమో, ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉండి పలుకుతుందేమోనని ఆఖరి ఆశ. పలికినవాళ్లని ఎవరూ చూడలేదు. అయినా పిలవకుండా ముందుకి కదలరు. కాశీవిశ్వనాథం వంగి, పైడన్న ఊ అన్నప్పుడల్లా ఒకసారి చొప్పున, అమ్మా అని మూడుసార్లు పిలిచి లేచాడు. మూడోసారికి ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఎంతైనా కన్నతల్లి.

పాడె ఎత్తబోతుండగా సూర్యారావు చొక్కా జేబులో ఫోన్ మోగింది.

తియ్యొద్దని కాశీవిశ్వనాథం సైగ చేశాడు. కానీ సూర్యారావు చెయ్యి అప్పటికే తీసేసింది. మధ్యాహ్నం అరగంట. ఇది దాటితే రేపు పొద్దుటిదాకా ఆవిడకి నెట్ ఉండదు. తులసి గొంతు కంగారుగా ఉంది. పొద్దుటినుంచీ మనసేమీ బాగాలేదట. అమ్మ ఇప్పుడైనా తిన్నదా అని అడిగింది. లేదన్నాడు. పడుకునే ఉందా అంది. పడుకునే ఉందన్నాడు.

"అయితే ఫోను సెవి కాడ పెట్టండి. నా గొంతింటే నోరు తెరుస్తాది. నేను సెప్తాను, తినమని."

సూర్యారావు చుట్టూ చూశాడు. కుండ పట్టుకున్న బావ, పైడన్న, భుజాలు సిద్ధం చేసుకుని నిలబడ్డ ముగ్గురు. పడుకుందని చెప్పింది తనే. తినలేదని చెప్పింది తనే. ఇప్పుడు పెట్టననడానికి ఇంకో అబద్ధం ఏదీ దొరకలేదు. మోకాళ్ల మీద కూచున్నాడు. పసుపు రాసిన ఆ మొహం పక్కకి వంగి, అత్తగారికి చెముడు కనక అలవాటుగా స్పీకరు నొక్కి, ఫోన్ చెవి దగ్గర పెట్టాడు.

"అమ్మా," అంది తులసి. రోడ్డు మీద అందరికీ వినపడింది. "అమ్మా, నేనే. ఆయన పెడితే తినవేటే? రెండు ముద్దలు తినీ. ఎల్లుండొచ్చేస్తాను. ఇంకెప్పుడూ ఎల్లనులే. అమ్మా."

మోసేవాళ్లలో ఒకడు మొహం తిప్పేసుకున్నాడు. ఫోన్లోంచి గాలి హోరు వస్తోంది, దాని వెనక ఎవరో పిల్లలు నవ్వుతున్నారు.

"పలకట్లేదేటండీ?" అంది తులసి.

ఇంకెవరైనా అయితే అబద్ధం చెప్పగలిగేవారేమో. సూర్యారావుకి చేతకాలేదు. ఆ చోటే అలాంటిది. అక్కడ ఆ ప్రశ్నకి ఉన్న జవాబు ఒకటే.

"పలకదు తులసీ," అన్నాడు.

మీరెక్కడున్నారండీ అని చాలా మెల్లిగా అడిగింది. ఆయన చెప్పాడు. దింపుడు కళ్లం అన్న మాటకి తెలుగింటి ఆడదానికి వేరే వివరం అక్కర్లేదు. ఇటువైపు ఆరుగురు మగవాళ్లు ఫోన్ చుట్టూ నిలబడ్డారు. అటువైపు ఏం జరుగుతోందో, పడిపోయిందో, కూచుందో, ఎవరైనా పట్టుకున్నారో ఒక్కరికీ తెలీదు.

"తులసీ, పక్కనెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ."

నేనొస్తున్నాను అనడానికి లేదు, చెయ్యి పట్టుకోడానికి లేదు, మంచినీళ్లు ఇవ్వడానికి లేదు. పైడన్న పొద్దుకేసి చూశాడు. కాశీవిశ్వనాథం ముందుకొచ్చి, ఇక ఎత్తుదాం బావా అనబోయి, వెనక్కి తగ్గాడు.

"మళ్లీ పెట్టండి," అంది రామతులసి. "ఇందాక నాకు తెలీలేదు. తినమని తిట్టినాను. మళ్లీ సెవి కాడ పెట్టండి."

సూర్యారావు మళ్లీ పెట్టాడు. ఆవిడ పిలిచింది. పిలిచి, ఆగి, వింది. మళ్లీ పిలిచింది. ఆడవాళ్లెవరూ అంతదూరం రారు కనక, మూడుసార్లతో ఆపెయ్యాలని ఆవిడకి తెలీదు. అక్కడ ఎవరూ ఆపలేదు. నెట్ అయిపోయేదాకా పిలుస్తూనే ఉంది.